సంచి పక్కన వాలిన కొంగ

ఆ చలికాలం ఉదయం భీమడోలులో రైలు దిగి, కొల్లేరు వైపు ఒక చేపల చెరువు గట్టుకు చేరాను. మంచులో నీరేదో ఆకాశమేదో తెలియడం లేదు. చెరువుకు కాపలా ఉండే పెద్దావిడ దిగులుగా కూర్చుని ఉంది. కొంగలు చేపపిల్లల్ని ఇలాగే తినేస్తుంటే వేరేవాళ్ళని కాపలా పెట్టుకుంటానని ఆసామి చెప్పాడట. వాటిని బెదరగొట్టాలని ఆవిడ తెల్లని ఖాళీ మేత సంచులను కర్రలకు కట్టి, గట్టు వెంబడి నీళ్ళలో పాతింది.

"అయినా వీటికి భయం లేదండీ. పేపర్లో రాసేవారు కదా, మీరే చెప్పండి," అంది.

మా ఎదురుగా ఒక పెద్ద తెల్లకొంగ నిలబడి ఉంది. పసుప్పచ్చని ముక్కు, పొడవాటి నల్లని కాళ్ళు, మడత పడిన మెడ. ఎంతసేపు చూసినా కదల్లేదు. ఇంతలో పైన మరొకటి వచ్చి, నెమ్మదిగా చుట్టు తిరిగి, ఒక సంచి పక్కన దిగింది. ఆ వెనక వచ్చినదీ అంతే. తోటి కొంగ నింపాదిగా నిలబడ్డ చోట చేప దొరుకుతుందని వాటి నమ్మకం.

"సంచుల్ని చూసి తమవాళ్ళే అనుకుంటున్నాయండీ," అన్నాను.

ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయితే పీటలేసి పిలిచింది నేనేనన్నమాటండీ!"

ఇద్దరం నీళ్ళలో దిగి సంచుల్ని ఒక్కొక్కటే పీకేశాం. తర్వాత వచ్చిన కొంగ ఒక చుట్టు చుట్టి, వాలకుండా వరిచేల వైపు వెళ్ళిపోయింది.

"ఇక రేపు కూడా ఇక్కడ కాపలా నేనేనండీ," అందావిడ.

మూలన ఇంకో సంచి మిగిలిందనుకుని వెళ్ళాం. నేను చెయ్యి చాచేసరికి అది మెడ ఎత్తి, రెక్కలు విప్పి, మంచులోకి లేచిపోయింది.