టీ కొట్టు దాకా వినపడాల్సిన పాఠం

ఆ రోజుల్లో పంతులమ్మ తెలివిని గొంతుతో కొలిచేవారంటే ఇప్పటివాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కాకపోతే కాస్త గొంతు సవరించుకుని. డిగ్రీ కాగానే పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, రేకుల షెడ్డులో నడిచే చిన్న ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. గోడకు అవతల ఫ్యాక్టరీలో ఇనుప రేకులు నొక్కుతూ ధన్‌ధన్‌మనే ప్రెస్సు మిషన్లు, ఇవతల నా ఏడో తరగతి. మా కరస్పాండెంట్ సారు తరగతిలోకి వచ్చి పాఠం వినేవారు కారు. రోడ్డవతల టీ కొట్టులో కూర్చుని వినేవారు. "మీ పాఠం నా చాయ్ కాడికి రావాలె మేడం. మూడు నెలలు సూస్త. వస్తే ఉంటరు, లేకుంటే ఇంటికే" అన్నారు చేరిన రోజే. (ఆయన రోజుకు ఆరు చాయ్‌లు తాగేవారు.)

నన్ను జీవితంలో మొదటిసారి 'మేడం' అని పిలిచిన చోటు అది, వదులుకోవడం నావల్ల కాదు. అందుకని ప్రెస్సు మిషనుతో పోటీకి దిగాను. బీరంగూడలో మా అమ్మ రోజూ మిరియాల పాలు కలిపి ఇస్తూ, "లెక్కలు చెబుతున్నావా, కూరగాయలు అమ్ముతున్నావా?" అనేది. సరిగ్గా మూడు నెలలు నిండే రోజు పొద్దున లేచేసరికి గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు.

'నాకు గొంతు పోయింది' అని బోర్డు మీద రాసి, ఏడుపు ఆపుకుంటూ నిలబడ్డాను. మొదటి బెంచీ పిల్ల లేచింది (వాళ్ల నాన్న ఆ ప్రెస్సు మిషను మీదే పని చేసేవాడు). "గింత దానికే పరేషాన్ ఎందుకు మేడం? మా నాయినోళ్లు మిషన్ కాడ నోరు తెరుస్తరా? చేతులతోనే మాట్లాడుకుంటరు. మా ఇంట్ల గూడ గట్లనే" అంది. పిడికిలి చూపిస్తే ఆపమని, చెయ్యి తిప్పితే మళ్లీ చెయ్యమని, అరచెయ్యి చూపిస్తే సరే అని. తరగతిలో సగంమందికి అది ఇంటి విద్య, మిగతావాళ్లకూ నాకూ పది నిమిషాల్లో నేర్పేశారు. ఇక నేను బోర్డు మీద భిన్నాలు రాయడం, వాళ్లు పై చేతి వేళ్లతో లవం, కింది చేతి వేళ్లతో హారం చూపించడం. తప్పు చేస్తే నలభై పిడికిళ్లు. నవ్వు కూడా భుజాలతోనే. మూడు నెలల్లో మొదటిసారి వాళ్ల మొహాలు తీరిగ్గా చూశాను. ఎంత ముద్దొచ్చారో.

అవతల చాయ్ దగ్గరికి పాఠం చేరకపోయేసరికి సారు పరుగున వచ్చారు. "ఏంది మేడం, పాఠం బంద్ పెట్టిన్రా?" అని గుమ్మంలోంచే అరిచారు. నలభై పిడికిళ్లు ఆయన వైపు లేచాయి. ఆయన ఠక్కున నోరు మూశారు. నేను సుద్దముక్క చేతికిచ్చాను. పాపం, ఆయన భిన్నాల కూడికలో తప్పారు. పిడికిళ్లు. మళ్లీ చెయ్యమని పిల్లలు చేతులు తిప్పారు. మూడోసారికి గాని అరచేతులు లేవలేదు. చెమట తుడుచుకుని వెళ్తూ, "రేపటి సంది గూడ రాన్రి మేడం" అని నా చెవిలో గుసగుసగా అన్నారు.

ఇప్పుడు నా మెడలో మైకుంది. (అయినా అరుస్తానని మా ఇంట్లో ఫిర్యాదు.) మొన్న పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కి కూర్చుంటే, ఆ హారన్ల మధ్య రోడ్డవతల నుంచి కంపెనీ యూనిఫాంలో ఒకమ్మాయి చెయ్యి ఊపింది. మొదటి బెంచీ పిల్ల. తన గొంతు మీద వేలు పెట్టి, ఎలా ఉందన్నట్టు చెయ్యి తిప్పింది. ఇన్నేళ్లకూ నా గొంతు గుర్తుంచుకున్నందుకు కళ్లు చెమర్చాయి. అరచెయ్యి చూపిస్తే సరిపోయేది. నేనేమో కిటికీలోంచి తల బయటపెట్టి, "బాగుందమ్మా, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది" అని అరిచాను. బస్సంతా నావైపు తిరిగింది. ఆ పిల్ల భుజాలు ఊగేలా నవ్వుతూ, నాకు పిడికిలి చూపించింది.