ఆసుపత్రికని బయలుదేరిన శనివారాలు

మా పెద్దనాయన పోయినాడని మొన్న మంగళవారం టెలిగ్రాం వచ్చింది. ఆళ్లగడ్డ చేరేసరికి పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని అందరికీ వినపడేలా అంది: "కండ్లాసుపత్రికి ఈ పాపే తోడు పోతాండె. కన్నకూతురైనా అంత చెయ్యదు."

తలెత్తలేకపోయాను.

డెబ్బైలలో నేను యూనివర్సిటీ చదువు ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వాళ్లింట్లో ఉన్నాను. ఆయన హైస్కూల్లో డ్రిల్లు అయ్యవారు. చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. నీటికాసుల జబ్బు, ఉన్న చూపైనా నిలవాలంటే వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, రెండో శనివారం రమ్మని నంద్యాల డాక్టరు చెప్పాడు.

ఆ శనివారం బస్సు దిగాం. ఆసుపత్రి కుడివైపు. ఎడమవైపు దొరల కాలం నాటి గ్రౌండు. లోపల క్రికెట్ ఆటకు మ్యాట్ పరిచి మేకులు కొడుతున్నారు. ఆ చప్పుడుకి ఆయన ఆగిపోయాడు.

"రోంతసేపు చూసి పోదాం మ్మే."

"డాక్టరు కాచుకోనుంటాడు పెద్దనాయనా."

"డాక్టరు యాడికి పోతాడు? ఈడ ఓపెనర్లు పోతారు!"

నవ్వాను.

చింతచెట్టు కింద తువ్వాలు పరిచి, కాళ్లు చాపి, ఉడకేసిన శెనక్కాయలు వొలుస్తూ కూర్చున్నాడు. ఆట నేను చెప్పాలి. బాగా కొట్టాడంటే ఒప్పుకోడు. "బాగా అంటే ఏందీ? బాల్ యాడ పడింది, కాలు యాడ పెట్టినాడు, అది చెప్పు." ఈరోజు క్లాసులో నేను పాఠం చెప్పే తీరు అక్కడిదే. చూడటం నాకు నేర్పింది చూపు పోతున్న మనిషి.

సాయంత్రమైంది, ఆసుపత్రికి పోనేలేదు. తర్వాతి రెండో శనివారమూ అంతే. ఆ తర్వాతా అంతే. ఇంటికొచ్చి, "డాక్టరు చుక్కలేసినాడు" అనేవాడు పెద్దమ్మతో. నేను తలూపేదాన్ని. "నీ కండ్లుండంగా నాకు కోత ఎందుకే?" అనేవాడు నాతో. కత్తి భయమా? లేక నా మాటల్లోనే ఆట అంత చక్కగా కనపడిందా? చెప్పడం నాకు చేతకాకపోయి ఉంటే ఆసుపత్రికి నడిచేవాడా? ఏడాది తిరిగేసరికి మిగిలిన చూపూ పోయింది. ఒక్కనాడూ నన్ను ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

సమాధి దగ్గర పెద్దమ్మతో నిజం చెప్పబోయాను. ఆమె నా కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. చెప్పకుండానే వచ్చేశాను. ఆమెకు చదువు రాదు. నేను రాసిన ఈ నాలుగు ముక్కలు ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని భయం. వినిపించరేమోనని అంతకన్నా భయం.

కళ్లు మూస్తే ఒకటే కనపడుతోంది. ఫోరు వెళ్లిన బంతి దొర్లుకుంటూ చెట్టు కిందికొచ్చింది. ఫీల్డరు దూరాన చేతులు చాచి నిలబడ్డాడు. పెద్దనాయన వంగి కుడివైపు మట్టిని తడుముతున్నాడు. బంతి ఎడమ కాలి పక్కన ఉంది. ఎవరూ గమనించకముందే, నేను దాన్ని కాలితో ఆయన చేతి కిందికి తోశాను.