మౌళి చేతి బోణీ

పండరి కూర్చుంటే అతని కాళ్లు మాత్రం కూర్చోవు. వరంగల్ కొత్తవాడలో ముప్పై ఏళ్లు గుంటమగ్గం తొక్కి జంపఖానాలు నేసిన కాళ్లవి. మగ్గం ఆపేసి, పాత డీజిల్ కారు ఒకటి కొనుక్కుని కిరాయిలకు తిప్పడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. అయినా పెళ్లి పంక్తిలో కూర్చున్నా, దవాఖానా బెంచీ మీద కూర్చున్నా, ఒక కాలు తర్వాత ఒకటి నేలను తొక్కుతూనే ఉంటాయి. "మగ్గం పోయింది గని నీ కాళ్లకు ఇంకా ఎరుక కాలే" అని భార్య సమ్మమ్మ ఎకసెక్కాలాడుతుంది.

ఆ మధ్యాహ్నం మెకానిక్ యాకయ్య షెడ్డు ముందు, బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చున్న పండరి కాళ్లు మరీ జోరు మీదున్నాయి. ఉండవా మరి? అతని బువ్వంతా ఎదురుగా బానెట్ తెరుచుకుని పడి ఉంది.

పొద్దున హన్మకొండలో ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని పాలకుర్తి గుట్టకు బయలుదేరాడు. వర్ధన్నపేట దాటకముందే బండి దగ్గడం మొదలుపెట్టింది. ఇంకో ఫర్లాంగు పోయేసరికి ఎర్రలైటు వెలిగి, ఇంజను ఠక్కున ఆగిపోయింది. ఎక్కిన వాళ్లు కాసేపు గొణిగి, దారిన పోయే బస్సెక్కి వెళ్లిపోయారు. కారును తాడు కట్టి ఇక్కడిదాకా లాక్కొచ్చేసరికి పండరికి తలప్రాణం తోకకొచ్చింది.

యాకయ్య ట్యాంకు కింద పైపు విప్పి, వచ్చినదాన్ని ఖాళీ నీళ్ల సీసాలోకి పట్టి గోడ మీద పెట్టాడు. కాసేపటికి సీసాలో రెండు పొరలు తేరుకున్నాయి. పైన డీజిల్, అడుగున నీళ్లు.

"సూడన్నా, సగం వాన నీళ్లే తాగించినవ్ బండికి. ఎక్కడ పోయించినవ్?"

"నర్సంపేట రోడ్డు మీద" అన్నాడు పండరి. బంకులో ఎవరు పోశారో చెప్పలేదు.

"ఇంజక్టర్లు పోయినయి, పంపు పోయింది. ముప్పై ఎనిమిది వేలకు తక్కువ కాదు. నువ్వు జర ఫికర్ చెయ్యకు. ఈ సీసా పట్టుకపోయి బంకు సేట్ ముందట పెట్టు. రాత్రంత వాన కొట్టింది గదా, పొద్దున అమ్మకం మొదలు పెట్టకముందు బంకు ట్యాంకుల నీళ్లు దిగినయేమో సూసిండ్లా లేదా అని అడుగు. సూడలేదంటే తప్పు వాళ్లది, మొత్తం కట్టాల్సిందే."

పండరి కాళ్లు టక్కున ఆగాయి. యాకయ్య చెప్పింది అతనికి ధైర్యం ఇవ్వాల్సిన మాట. కానీ పొద్దున బంకు ట్యాంకు చూడలేదన్న సంగతి పండరికి అందరికంటే బాగా తెలుసు.

ఆ బంకులో డీజిల్ పోసేది చంద్రమౌళి. ఇద్దరూ ఒకే గల్లీలో పుట్టి, ఎదురెదురు ఇళ్లలో మగ్గాలు నేసినవాళ్లు. ఆ గల్లీలో ఎవరింట్లో కొత్త పడుగు ఎక్కించినా మొదటి పోగు ముడి వేయడానికి మౌళిని పిలిచేవారు. అతను ముడి వేసిన పడుగు తెగకుండా నడుస్తుందని నమ్మకం. చెయ్యి మంచిదని పేరు. మగ్గాలు ఒక్కొక్కటే మూతపడ్డాక మౌళి బంకులో కుదిరాడు, పండరి కారు కొన్నాడు. కారు కొన్న నాడే పండరి ఒట్టు పెట్టుకున్నాడు. ఎంత దూరం పోవాల్సి వచ్చినా సరే, కిరాయి ఉన్న రోజు పొద్దున్నే మౌళి చేత్తోనే డీజిల్ పోయించుకోవాలి, బంకుకు అదే బోణీ కావాలి. మౌళికీ అదో సంబరం. నోటు ఇస్తే నోటును కళ్లకద్దుకుంటాడు, ఫోన్లో పైసలేస్తే ఫోనునే కళ్లకద్దుకుంటాడు.

ఆ పొద్దున మౌళి ఇత్తడి కడ్డీ పట్టుకుని నేలలోని డీజిల్ ట్యాంకు మూత దగ్గరికి పోతున్నాడు. కడ్డీ కొసకు ఏదో పేస్టు పూసి ట్యాంకులోకి దించుతారు. అడుగున నీళ్లుంటే పేస్టు ఎర్రగా మారుతుంది. పండరి వెనక నుంచి హారన్ మీద హారన్ కొట్టాడు.

"ఆ కడ్డి తర్వాత ముంచుకో మౌళీ. ముందు నా బోణీ చెయ్. హన్మకొండల జనం తయారుగున్నరు."

"వాన పడ్డదిరా. జర సూసి పోస్త. పది నిమిషాలు."

"నీ చెయ్యి పడితే నీళ్లు గూడ డీజిలే అయితయి తియ్. పొయ్యి పొయ్యి."

మౌళి నవ్వి, కడ్డీని గోడకు ఆనించి వచ్చి, పోశాడు.

ఇప్పుడా మాట పండరి చెవుల్లో జోరీగలా తిరుగుతోంది. సీసా సంచిలో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. యాకయ్య దగ్గర సంగతి విని సమ్మమ్మ ఫోన్ చేసి "సేట్ను వదలకు. మౌళన్న తెలిసే పోసిండా ఏంది?" అని అడిగితే "నాకేం తెల్వదు" అని కసిరి పెట్టేశాడు. ఆటో ఎక్కి వెంకట్రామ థియేటర్ దగ్గర ఊరికే దిగిపోయాడు, చాయ్ చెప్పి తాగకుండానే లేచాడు. పైసలు రాకుంటే కారు షెడ్డులోనే తుప్పు పడుతుంది. పైసలు అడిగితే మౌళి మెడ మీదికి వస్తుంది. ఆ ఉద్యోగం పోతే యాభై రెండేళ్ల మౌళిని ఇంకెవరు పెట్టుకుంటారు? పోనీ మౌళే చూసుకోవద్దా, అది వాని పని కాదా అని తనను తానే అడుక్కుంటూ ఇంకో ఆటో ఎక్కాడు.

బంకులో డీజిల్ పంపుకు తాడు కట్టేసి ఉంది. అద్దాల గదిలో సేట్ రాజేశ్వర్ రావు కూర్చున్నాడు. ఎదురుగా గోడకు ఆనుకుని మౌళి. అప్పటికే ఇంకో ఇద్దరు వచ్చి గొడవ చేసి పోయినట్టున్నారు. పండరి సీసాను బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. కింద కాళ్లు మొదలయ్యాయి.

రాజేశ్వర్ రావు సీసా వైపు చూసి, మౌళి వైపు తిరిగాడు.

"పొద్దున కడ్డి ముంచినవా?"

"లేదు సార్."

"ఎందుకు?"

మౌళి పండరి వైపు చూడలేదు. "మర్శిపోయిన" అన్నాడు.

"మర్శిపోతానికి ఇదేమన్న ఇంట్ల పొయ్యి మీద పాలా? రేపటి సంది రావద్దు. పండరీ, నీ బిల్లు పంపియ్. నా బంకు తప్పు, నేను కట్టిస్త."

అయిపోయింది. పండరి లేచి దండం పెట్టి పోతే చాలు. కారు బాగవుతుంది, ఎవరూ ఏమీ అడగరు. అతను లేచాడు కూడా. తలుపు దాకా పోయాడు. అద్దంలోంచి బయట గోడకు ఆనించిన ఇత్తడి కడ్డీ కనిపించింది, పొద్దున మౌళి పెట్టినచోటే. వెనక్కి తిరిగాడు. మళ్లీ తలుపు వైపు తిరిగాడు. సేట్ "ఏందయ్యా, దయ్యం పట్టినోని లెక్క తిరుగుతానవ్" అన్నాడు.

"వాడు మర్శిపోలే సార్" అన్నాడు పండరి. "కడ్డి పట్టుకుని పోతాంటే నేనే ఆపిన. బోణీ కావాల్నని హారన్ కొట్టిన. వాడు పది నిమిషాలు ఆగుమన్నడు, నేను ఆగలే."

రాజేశ్వర్ రావు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"నువ్వు ఆపినా వాడు ఆగొద్దు. అది వాని డ్యూటీ" అన్నాడు. "సరే, వాణ్ని ఉంచుత. ఇంకోసారి ఇట్లయితే నా ముందట నిలబడొద్దు. గని నీ బిల్లు నేనెందుకు కట్టాలె?"

"కట్టకుండ్రి సార్."

బయటికి వచ్చాక మౌళి మండిపడ్డాడు. "నిన్నెవడు నోరు తెరువుమన్నడురా? నేనెట్లనో బతుకుదును. నీ కారు గతేంది?" అతని కళ్లలో నీళ్లున్నాయి. పండరికి కూడా ఏడుపొచ్చింది, దాన్ని కోపంగా మార్చుకుని "నా కారు సంగతి నేను సూస్కుంట, పోయి పని చేస్కో" అన్నాడు. మౌళి విసురుగా పెట్రోల్ పంపు దగ్గరికి నడిచాడు.

హైదరాబాదు నుంచి సామాను వచ్చి కారు బాగవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ పండరి పక్క గల్లీలో ఇంకొకరి మగ్గం మీద కూలికి జంపఖానాలు నేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుంటే కాళ్లు కదలకుండా పడి ఉండేవి. సమ్మమ్మ ఎకసెక్కం ఆడలేదు, వేడినీళ్లు పెట్టి ఇచ్చింది. ఆ కూలి పైసలు ముందు కట్టించుకుని, మిగిలింది మెల్లగా ఇవ్వమన్నాడు యాకయ్య.

పదమూడో రోజు తెల్లవారుజామున కూడా జల్లు పడింది. ఆరింటికి పండరి కారు బంకులో ముందు నిలబడింది. మౌళి చూశాడు, పలకరించలేదు. కడ్డీ తుడిచి, పేస్టు పూసి, ట్యాంకు మూత దగ్గరికి నడిచాడు. వెనకాల పాల వ్యాను వచ్చి ఆగి, హారన్ మీద హారన్ కొట్టింది.

పండరి కారు దిగి వ్యాను దగ్గరికి పోయాడు. "వాన పడ్డది తమ్మీ. సూడనియ్ వాణ్ని."

మౌళి కడ్డీ పైకి తీసి, పండరి దగ్గరికి తెచ్చి, కొసను అతని మొహం ముందు పెట్టాడు.

"నువ్వే సూస్కో. నన్ను నమ్మకు."

పండరి జేబులోంచి కళ్లద్దాలు తీశాడు.

"నిన్ను నమ్మకేందిరా. నాకు నమ్మకం లేనిది నా మీద" అని వంగి, పేస్టు రంగు మారలేదని చూసుకుని, తన కారు డీజిల్ మూత తీశాడు.