శాలువాలు అయ్యేదాకా ఆగిన జీపులు

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆ సంగతి సార్లకు తెలిసింది మాత్రం పరీక్షలప్పుడే. అంతవరకు క్లాసు ప్రశాంతంగా ఉందని సంతోషపడ్డారట. అలాంటి నన్ను వికారాబాద్‌లో కొన్నాళ్లు అందరూ "ఆర్గనైజర్ సాబ్" అని పిలిచారు.

కారణం జీపుల పందెం. సిటీ కుర్రాళ్లు మా గుట్టల్లో జీపులు ఎక్కించడానికి వచ్చేవారు. ఆ గుట్టనే గ్రౌండులోకి తెస్తే టికెట్ పెట్టొచ్చు కదా అనిపించింది. ఎర్రమట్టి దిబ్బలు పోయించి, గుంట తవ్వించి నీళ్లు నింపాను. జీపు గాల్లోకి లేచినప్పుడల్లా గ్యాలరీ మొత్తం లేచింది. మర్నాడు హోటల్లో అడగకుండానే నా చాయ్‌లో మలై వేశారు. ఇంకేం కావాలి, అదే పందెం తాండూరులోనూ పెడదామని బయలుదేరాను.

తాండూరులో అక్క ఉంటుంది. బావ పెద్దేముల్ రూట్లో జీపు నడుపుతాడు. ఇల్లు గడిచేది దాని మీదే. పందేనికి ఒక జీపు తక్కువైందని అడిగాను.

"ఎట్ల తీస్కపోతున్నవో పొద్దుగూకేవరకు గట్లనే తేవాలె," అంది అక్క.

"గట్లనే ఏంది, కడిగి తెస్త," అన్నాను.

బురద కూడా ఊరికే దొరికింది. నాపరాళ్లు పాలిష్ చేసే చోట మిగిలే తెల్లటి బురద ఎంతైనా తీసుకెళ్లమన్నారు. గుంట నింపితే పాలకోవాలా మెరిసింది. ముఖ్య అతిథితో ఫొటో బాగుండాలని, పొద్దున్నే జీపులన్నిటినీ అందులో వరుసగా నిలబెట్టాను.

అతిథికి శాలువా కప్పాం. పక్కనున్నాయన ముఖం మాడ్చుకున్నాడు, ఆయనకూ కప్పాం. తర్వాత నవాబుపేట వాళ్లు, కొడంగల్ వాళ్లు, మైకు తెచ్చినాయన, చివరికి శాలువాలు అమ్మినాయన. మే నెల ఎండ. అతిథి జెండా ఊపేసరికి పొద్దు వాలింది. ఇంజన్లు అరిచాయి. ఒక్క చక్రం కదిలితే ఒట్టు. బురద బండైపోయింది.

గ్యాలరీలో ఒకాయన లేచి, "ఆర్గనైజర్ సాబ్, ఇది పందెమా, ఎగ్జిబిషనా?" అన్నాడు. నన్ను ఎవరైనా ఆ పేరుతో పిలవడం అదే ఆఖరు.

రాళ్లు కొట్టేవాళ్లు వచ్చి, జీపులను ఒక్కొక్కటిగా ఉలులతో చెక్కి తీశారు. బావ జీపును మర్నాడు మధ్యాహ్నానికి గాని అక్క వాకిట్లో పెట్టలేకపోయాను. పొద్దుటి ట్రిప్పులన్నీ పోయాయి. టైర్లకు రాతి గడ్డలు అలాగే ఉన్నాయి. బావ వంగి ఆ గడ్డల్ని గోటితో గీకి చూశాడు. వాళ్లు అడగకముందే నేనే మొదలుపెట్టాను.

"అక్కా, టైర్లకు బండలు పరిపిచ్చి తెచ్చిన. ఇగ పంక్చర్ ఫికరే లేదు."

అక్క చేతిలో బకెట్ కింద పెట్టింది.

"జర ఆగు తమ్మీ, బురద కలిపి తెస్త. నువ్వు అండ్ల నిలవడు, శాలువ కప్పుత."