మాష్టారి వందమంది

పక్కింటి దర్జీ కుట్టుమిషను ఆగకుండా నడిస్తే నాకు ఒక పాత ప్రింటరు వినిపిస్తుంది. అనకాపల్లిలో నేను రసాయనశాస్త్రం చెప్పిన కాలేజీలో, మెట్ల కింది గదిలో ఉండేది. దాని ముందు లెక్కల సన్యాసిరావు మాష్టారు కూర్చునేవారు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద.

ఆయన కంప్యూటర్‌లో వందమంది అధ్యాపకులను తయారుచేశారు. పేర్లు లేవు, నెంబర్లే. సగంమంది పరిశోధన పూర్తయ్యేదాకా ఆగి ఒకే వ్యాసం రాస్తారు. మిగతా సగం అదే పనిని మూడు ముక్కలు చేసి మూడు వ్యాసాలు అచ్చు వేయిస్తారు. ఏటా వ్యాసాలు తక్కువైనవాళ్లు తప్పుకుంటారు. గెలిచినవాళ్ల పద్ధతి నేర్చిన కొత్తవాళ్లు ఆ చోటికి వస్తారు. ముప్పై ఏళ్లు నాలుగు నిమిషాల్లో గడిచేవి. నా చేతి గడియారంలో చూశాను. చివరికి ఆగేవాళ్లు తొమ్మిదిమంది మిగిలారు.

"ఇంకోసారి నడపండి మాష్టారూ."

"ఎన్నిసార్లు నడిపినా అంతేనమ్మా. ఆగేవోళ్లు గెలుత్తారని సూపిద్దామనే మొదలెట్టేను. ఇది నన్నే ఎక్కిరిత్తంది."

నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. నిలవ బెల్లం వానాకాలంలో ఎన్నాళ్లకు చెమ్మగిల్లుతుందో రెండేళ్లుగా కొలుస్తున్నాను. మూడో వానాకాలం ఇంకా రాలేదు. ప్రమోషను ఇంటర్వ్యూ అంతకుముందే ఉంది. మూడు వ్యాసాలు కావాలి. నా దగ్గర ఒక్కటీ లేదు.

"మరి నన్నేటి సెయ్యమంటారు?"

"గెలిసేదెవరో ఇది సెప్పింది. నువ్వేటి సెయ్యాలో ఇదెలా సెప్తాది?"

ముక్కలు చేశాను. మూడు వ్యాసాలూ అచ్చయ్యాయి, ప్రమోషనూ వచ్చింది. మాష్టారు నేను పంచిన లడ్డూ తిని, "ఇంకోటియ్యి" అన్నారు.

ఎవరూ అడగకపోయినా మూడో ఏడాది కూడా కొలిచాను. రెండో వ్యాసంలో నాలుగు నెలలు నిలుస్తుందన్న బెల్లం డెబ్భై రోజులకే చెమ్మగిల్లింది. మొదటి రెండేళ్లూ వానలు తక్కువ. నేను ఆగి ఉంటే తెలిసేది. ప్రమోషను చేతికందాక తప్పు గుర్తొచ్చిందా అంటారని వారం రోజులు ఆ కాగితం సొరుగులో దాచాను. ఎనిమిదో రోజున పత్రికకు సవరణ రాసి, పంపేముందు ఆయనకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, పకపకా నవ్వారు.

"ఎనక్కెళ్లి దిద్దుకునేవోళ్లుంటారని నాకు తట్టనే లేదు సూడు. నా వందమందిలో ఒక్కరూ లేరమ్మా!"

"తప్పు నాది మాష్టారూ."

"నాదీని. ఆ కుర్చీ ఇలా లాగు."

యాభై ఎనిమిదో నెంబరుకు దిద్దుకునే నియమం రాసి నడిపారు. ఆరో ఏటనే తప్పుకుంది. మళ్లీ నడిపితే తొమ్మిదో ఏట.

"పోతే పోనీ," అన్నారు, ప్రింటరులోంచి వచ్చిన కాగితం చింపి నా చేతికిస్తూ. "ఇప్పుడు లెక్కలో ఉందిగా."

ఆ పనంతటి మీదా ఆయన రాసింది ఒకే ఒక్క వ్యాసం. ఆరేళ్లు పట్టింది.

ఇప్పుడు మాష్టారు లేరు. నేను మాత్రం ఏ కొలత రాసినా దాని కింద ఒక వరుస ఖాళీగా వదులుతాను. నిన్నటి వాన పద్దెనిమిది మిల్లీమీటర్లని రాసుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూస్తే పదిహేడే. కింది వరుసలో దిద్ది, తేదీ వేశాను.