అవతలి పక్షాన మాట్లాడిన మధ్యాహ్నాలు

నల్లగండ్లలో మేముండే అపార్టుమెంటులో నడకదారి పక్కన ఒక సిమెంటు బెంచీ ఉంది, రోజూ సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి అమెరికా ప్రభుత్వం దాని మీదికి వచ్చి కూర్చుంటుంది. నడిపించేవాళ్లు ఇద్దరు, ఒకాయన బ్యాంకులో చేసి రిటైరైనాయన, ఇంకొకాయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనాయన. పొద్దుటి నుంచి ఫోన్లలో చూసిన వీడియోలన్నీ మూటగట్టుకుని వచ్చి అక్కడ విప్పుతారు. మొన్న ఒకనాడు, అమెరికా తన మిత్రదేశాలకు సైన్యంతో కాపలా కాయాలా, ఎవరి ఇల్లు వాళ్లే చూసుకోమనాలా అన్న విషయం మీద ఇద్దరికీ మాటామాటా పెరిగి, ఆ రోజు నుంచి బెంచీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, ముఖాలు చెరో వైపు తిప్పుకుని కూర్చుంటున్నారు. మధ్యలో ఖాళీ ఉంది కదా అని నేను కూర్చుంటే, న్యాయం చెప్పమని ఇద్దరూ నన్నే అడిగారు. చెబుతాను గానీ ముందు మీరు ఆయన తరఫున ఒక అయిదు నిమిషాలు, ఆయన మీ తరఫున ఒక అయిదు నిమిషాలు మాట్లాడండి అన్నాను. ఇద్దరూ నా వైపు చూసిన చూపుకు, ఈవిడకు ఒంట్లో బాగాలేదేమో అన్న అర్థం ఒకటే వచ్చింది. ఆ ఒక్క సంగతిలో మాత్రం వాళ్లిద్దరిదీ ఒకే మాట.

నాకు నవ్వొచ్చింది, కాసేపటికి మనసు మాదాపూర్‌లోని ఒక అద్దాల మేడ నాలుగో అంతస్తుకు వెళ్లిపోయింది. మన వయసువాళ్లకు గుర్తుంటుంది, అప్పటికి ఆ చుట్టుపక్కల మేడల కన్నా బండరాళ్లే ఎక్కువ, మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే ఎండకు కాగుతున్న గుట్టలు కనిపించేవి. నేను ఆ ఆఫీసులో చేరినప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్లు. పెళ్లికి ముందు రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేశాను, ఆ తర్వాత పదహారేళ్లు ఆ పట్టా బీరువాలో పట్టుచీరల కింద పడుకుంది. మా ఆయన వ్యాపారం కోసం కడప జిల్లా నుంచి మూసాపేటకు వచ్చి స్థిరపడ్డాక, పిల్లలు హైస్కూలుకు వచ్చాక, పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. మా అత్తగారు మంచి మనిషే, కానీ నోరు ఊరుకోదు. "ఈ వయసులో నీకు ఎవురిస్తారమ్మే ఉద్యోగం, ఇచ్చినా ఎన్నాళ్లు ఉంచుకుంటారు" అన్నారు. ఉద్యోగం ఇచ్చారు, ఆవిడ మాటలో మొదటి సగం తప్పయింది. రెండో సగం మాత్రం నా మెడ మీద కత్తిలా వేలాడుతూనే ఉంది, ఎందుకంటే ఆరు నెలలు పని చూసి, నచ్చితేనే ఖాయం చేస్తామని కాగితం మీద రాసిచ్చారు.

పని ఏమిటంటే, అమెరికా చట్టసభల కమిటీలు జరిపే విచారణల రికార్డింగులు పొద్దున్నే మాకు చేరేవి. ఎవరు ఏం అడిగారు, ఎవరు ఏం చెప్పారు అన్నది రెండు పేజీల సారాంశంగా రాసి మేం పంపాలి. అక్కడి విశ్వవిద్యాలయాలవాళ్లు, లాయర్లు, పత్రికలవాళ్లు చందాలు కట్టి అవి చదివేవారు. వాళ్ల దేశంలో యుద్ధం ప్రకటించే అధికారం ఎవరిది, సైన్యానికి అధిపతి ఎవరు, అధ్యక్షుడు సంతకం పెట్టిన ఒప్పందం సెనేటు ఒప్పుకోకపోతే ఏమవుతుంది అన్నవి మాకు ఇంటి వ్యవహారాలంత తెలిసిపోయాయి. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఏ కమిటీకి ఏ అధికారం ఉందో నెమరు వేసుకునేదాన్ని. ఎనిమిది మందిమి ఉండేవాళ్లం, అందరిలోకీ పెద్దదాన్ని నేనే. నా పక్క సీటులో బోరబండ నుంచి వచ్చే అమ్మాయి ఉండేది, నాకన్నా పదిహేనేళ్లు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు చెల్లెలే. మా టీమ్ లీడర్ గారు భీమవరం వైపు మనిషి, కోపం వచ్చినా అండి అనకుండా కోప్పడలేరు.

ఆ టీమ్ లీడర్ గారు పెట్టిన ఆచారం గురించే ఇదంతా. సారాంశం రాసినవాళ్లు ఎటు మొగ్గారో చదివేవాళ్లకు తెలియకూడదని ఆయన పట్టుదల. అది అలవాటు కావాలని రోజూ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆ రోజు విచారణ మీద ఇద్దరిని వాదనకు నిలబెట్టేవారు. నియమం ఒకటే, మన మనసులో ఉన్న పక్షాన మాట్లాడకూడదు, అవతలి పక్షాన మాట్లాడాలి. అదీ మనస్ఫూర్తిగా నమ్మినట్టు. ఏ పూటో ఒకరికి మాత్రం సొంత పక్షానే మాట్లాడమని చెవిలో చెప్పేవారు, అందుకని ఎవరిది నటనో సులువుగా తేలేది కాదు. వాదన అయ్యాక వింటున్నవాళ్లు మన అసలు అభిప్రాయం ఏమిటో ఊహిస్తారు, పట్టుకోగలిగితే మనం ఓడినట్టు, ఓడినవాళ్లు ఆ పూట అందరి టిఫిను గిన్నెలూ కడగాలి. ఎనిమిది మంది గిన్నెలు, అందులో గోంగూర పచ్చడి నూనె జిడ్డు. మొదటి నెలలో నేను కడిగినన్ని గిన్నెలు మా ఇంట్లో కూడా కడగలేదు. నా ముఖం గాజు పలక, లోపలిదంతా బయటికి కనిపిస్తుందని వాళ్లు ఏడిపించేవారు. కానీ పోనుపోను ఒక వింత జరిగింది. అవతలివాడి మాటను గట్టిగా చెప్పాలంటే ముందు దాన్ని అర్థం చేసుకోవాలి, అర్థం చేసుకున్నాక వాణ్ణి మూర్ఖుడనడానికి నోరు రాదు. చదివిన ఎం.ఏ. నాకు నేర్పనిది ఆ గిన్నెలు నేర్పాయని ఇప్పటికీ అంటాను.

నా ఆరు నెలలు పూర్తికావడానికి పది రోజులుందనగా ఒక విచారణ వచ్చింది. దూరాన ఉన్న ఒక చిన్న మిత్రదేశం మీద ఎవరైనా దాడి చేస్తే అమెరికా తన సైన్యాన్ని పంపి తీరాలా అన్నది ప్రశ్న. ఆ మధ్యాహ్నం చెల్లెలికీ నాకూ వాదన పడింది. మాట ఇచ్చాక వెనక్కి తగ్గకూడదని నా అసలు అభిప్రాయం, కడప జిల్లాలో పుట్టినదానికి వేరే అభిప్రాయం ఎలా ఉంటుంది. అందుకని నేను పంపనక్కర్లేదని వాదించాలి. పొద్దున్న రికార్డింగు రాగానే, ఆ దేశంతో అమెరికా చేసుకున్న రక్షణ ఒప్పందం పాఠం మొత్తం వెతికి చదివాను. అందులో దాడి జరిగితే ఎవరి రాజ్యాంగ పద్ధతుల ప్రకారం వాళ్లు నడుచుకుంటారు అని ఒక మాట ఉంది. నేను దాన్ని పట్టుకున్నాను. ఒప్పందం ఉన్నంత మాత్రాన సైన్యం దానంతట అది కదలదు, ఎవరి బిడ్డలు వెళుతున్నారో వాళ్ల ప్రతినిధులను ముందు అడగాలి అని, నా శక్తికొద్దీ చెప్పాను. చెల్లెలు లేచి, అన్నం చేత్తోనే బల్ల మీద కొట్టి, "గట్లెట్ల అక్కా, మాటిచ్చినంక ఇగ అడుగుడేంది? ఆడ దోస్తు ఇల్లు కాలుతుంటే నువ్వు ఈడ మీటింగు పెడ్తవా?" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె అసలు అభిప్రాయం ఏమిటో ఒక్కరికీ అంతుపట్టలేదు, నాది మాత్రం మూడో నిమిషంలోనే దొరికిపోయింది. గిన్నెలు నేనే కడిగాను.

ఆ సారాంశం రాయడం చెల్లెలి వంతు, పంపే ముందు రెండోసారి చూసి దిద్దడం నా వంతు. చూశాను, బాగుందనుకున్నాను, సంతకం పెట్టి పంపేశాను.

నాలుగు రోజులకు అమెరికా నుంచి ఫోను వచ్చింది. అక్కడ మా పని చూసే పెద్దావిడ ఒకరుండేవారు, మనిషిని చూడలేదు గానీ ఆ గొంతు వింటే చాలు కుర్చీల్లో నిటారుగా కూర్చునేవాళ్లం. మా సారాంశంలో ఒక సభ్యుడు అన్నట్టుగా ఒక వాక్యం ఉందనీ, రికార్డింగు రెండుసార్లు విన్నా అది దొరకలేదనీ, ఎవరన్నారో సాయంత్రంలోగా చెప్పమనీ అడిగి పెట్టేశారు. కాగితం తీసి చూశాను. ఎవరి బిడ్డలు వెళుతున్నారో వాళ్ల ప్రతినిధులను ముందు అడగాలి, ఒప్పందమే ఆ మాట చెబుతోంది అని ఉంది. ఆ మాట ఏ సభ్యుడూ అనలేదు, భోజనాల బల్ల దగ్గర నేనన్నాను. చెల్లెలు రాస్తూ రాస్తూ బల్ల దగ్గరి మాటను సభలో మాటగా కలిపేసింది. మరి దిద్దాల్సిన నేనేం చేశానంటారా, ఆ వాక్యం నాకు ఎంతో పరిచయంగా, ఎంతో నిజంగా అనిపించి దాటేశాను. సొంత గొంతు కాబట్టి తప్పు వినపడలేదు.

టీమ్ లీడర్ గారు నన్ను పక్కకు పిలిచి, అక్కడ ఆడియో సరిగ్గా వినపడలేదని రాసేస్తే సరిపోతుందండి, వచ్చే వారం మీ ఉద్యోగం ఖాయం కావాలి కదండి, ఎందుకండి ఇప్పుడు అన్నారు. ఆయన మంచికే చెప్పారు. నాకు కూడా ఒక్క క్షణం ఆ దారి చాలా చల్లగా కనిపించింది, అబద్ధం చెప్పను. మా అత్తగారి మాటలో మిగిలిన సగం కూడా చెవిలో మోగింది. కానీ ఎవరు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయడం తప్ప మా పనిలో ఇంకేముంది? అందులోనే గాలి మాట రాశాక ఆ ఉద్యోగం ఖాయమైతే ఎంత, కాకపోతే ఎంత? సాయంత్రం ఫోను రాగానే స్పీకరు పెట్టమని, నేనే ముందుకు జరిగి, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ మాట మీ సభలో ఎవరూ అనలేదమ్మా, ఇక్కడ మేం అన్నం తింటూ చేసుకునే వాదనలో నేను అన్నాను, దిద్దే పని కూడా నాదే, నేనే చూసుకోలేదు అని. పక్కనుంచి చెల్లెలు ముందుకు వంగి, రాసింది నేను, తప్పు నాది అంది.

ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, ఒప్పందంలో ఆ మాట నిజంగా ఉందా అని. ఆ రాజ్యాంగ పద్ధతుల వాక్యం నేను కాగితం చూడకుండా అప్పజెప్పాను. ఆ గదిలో అంతమంది సభ్యులు కూర్చుని ఒక్కరూ అది ఎత్తలేదన్నమాట అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. తర్వాత గొంతు మార్చి, చందాదారులందరికీ దిద్దుబాటు వెళ్లాలనీ, తప్పు తప్పేననీ, నా పరీక్షా కాలం ఇంకో మూడు నెలలు పెరుగుతుందనీ చెప్పారు. చివరగా, ఇకనుంచి ప్రతి సారాంశం కింద నేపథ్యం అని ఒక చిన్న పెట్టె ఉండాలనీ, సభలో ఎవరూ అనకపోయినా చదివేవాళ్లకు తెలియాల్సింది అందులో రాయాలనీ, మొదటిది నన్నే రాయమనీ అన్నారు.

మధ్యాహ్నం నుంచి అలాగే పడి ఉన్న గిన్నెలు ఆ సాయంత్రం మేమిద్దరమే కడిగాం, ఎవరూ చెప్పలేదు. కుళాయి దగ్గర చెల్లెలు తలెత్తకుండా, "మా అన్న ఫౌజుల ఉన్నడక్కా, సరిహద్దు మీద. నువ్వు అన్న మాట దిమాగులకెల్లి పోలే. ఎవరో ఒకరు ఆడ అడిగిండ్రనే అనుకున్న" అంది. అన్నను సరిహద్దుకు పంపిన పిల్ల, సైన్యాన్ని పంపాల్సిందే అని బల్ల గుద్ది మరీ వాదించి, ఎనిమిది మందిలో ఒక్కరికి కూడా అనుమానం రానివ్వలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె భుజం మీద సబ్బు చేయి వేసి అలాగే నిలబడ్డాను.

ఆరు నెలలు తొమ్మిది అయ్యాయి గానీ ఉద్యోగం ఖాయమైంది. ఆ పెట్టె పన్నెండేళ్లు నేనే రాశాను. అక్కడి ఒక ప్రొఫెసరు ముందు పెట్టె చదివి తర్వాత సారాంశం చదువుతానని ఉత్తరం రాస్తే, దాన్ని మా అత్తగారికి తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనకుండా లేచి వెళ్లి, నా టిఫిను డబ్బాలో ఆ రోజు తనే అన్నం సర్దారు. నాకు గర్వం ఎక్కువని మా ఆయన అంటారు, ఎక్కువే, దాచుకోవడం దేనికి. సముద్రాల అవతల ఒక దేశం తన సైన్యం గురించి, తన స్నేహితుల గురించి తర్జనభర్జన పడుతుంటే, మూసాపేట నుంచి బస్సెక్కి వెళ్లిన ఇల్లాలు, బోరబండలో రైలెక్కి వచ్చిన పిల్ల వాళ్లు మరిచిపోయిన మాట వాళ్లకు గుర్తుచేశారు.

ఇప్పుడు ఆ సారాంశాలు యంత్రాలు రాస్తున్నాయట, గుట్టలు పోయి ఆ కిటికీకి ఎదురుగా ఇంకో మేడ లేచింది. చెల్లెలి అన్న క్షేమంగా తిరిగొచ్చి పిల్లల పెళ్లిళ్లు కూడా చేశాడు, చెల్లెలు గచ్చిబౌలిలో పెద్ద ఉద్యోగం చేస్తోంది. అవన్నీ సంతోషాలే. బాధల్లా ఒక్కటే. ఈ రోజుల్లో అందరి చేతిలోనూ ఫోను ఉంది, అందరికీ అన్ని దేశాల రాజకీయాలూ తెలుసు, ఎవరి అభిప్రాయం ఏమిటో మొదటి నిమిషంలోనే తెలిసిపోతోంది, ఆ తర్వాత వినడానికి ఏమీ మిగలడం లేదు. నిన్న సాయంత్రం కూడా బెంచీ మీద ఆ ఇద్దరి మధ్య కూర్చున్నాను. ఈయన తరఫున కొంచెం, ఆయన తరఫున కొంచెం నాలో నేనే వాదించుకుని, ఎవరూ నా మనసులో మాట ఏమిటని అడగకపోతే లేచి ఇంటికి వచ్చేశాను. ఎనిమిది మంది గిన్నెలు కడగడానికి నాకు ఇప్పటికీ ఓపిక ఉంది. నన్ను ఓడించడానికి ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్లే లేరు.