సగం ప్రశ్న మాస్టారు

బాలశౌరి మాస్టారు పుట్టి బుద్ధెరిగాక ఒక్క ప్రశ్ననైనా చివరిదాకా విన్న పాపాన పోలేదు. అవతలివాడు నోరు తెరవడమే ఆలస్యం, ఈయన నోట్లోంచి జవాబు ఊడిపడేది. ఆ జవాబుకీ ఆ ప్రశ్నకీ పొంతన కుదిరిందా లేదా అన్నది అడిగినవాడి అదృష్టం.

ఈ వ్యవహారం ఆయన పెళ్ళిలోనే బయటపడిందంటారు. గుళ్ళో ఫాదర్ గారు "బాలశౌరీ, నీవు ఈ..." అనగానే ఈయన "సమ్మతమే ఫాదర్!" అన్నారట. "ఉండవయ్యా, ఎవరిని చేసుకుంటున్నావో చెప్పనీ" అన్నారట ఫాదర్ గారు. పెళ్ళై పద్దెనిమిదేళ్ళు దాటినా మార్తమ్మ గారు ఆ మాట మర్చిపోలేదు. "నా పేరు వినకుండానే ఒప్పుకున్న మనిషి. ఆ పూట నా పక్కన మా మేనత్త నిలబడి ఉంటే ఆవిడకే కట్టేసేవారు తాళి!" అనేది ఇంటికొచ్చిన వాళ్ళందరితోనూ.

ఓసారి పంటినొప్పితో డాక్టరు దగ్గరికెళ్ళారు. డాక్టరు "ఎన్ని..." అనగానే "రోజుకి నాలుగైదుసార్లండీ!" అన్నారు. ఎన్ని రోజులనుంచి అని అడగబోయాడు పాపం ఆయన. నాలుగైదుసార్లనేసరికి కడుపు కట్టడానికి మందిచ్చి పంపాడు. పంటినొప్పి తగ్గలేదు సరికదా, వారంరోజులు వేరే ఇబ్బంది వచ్చిపడింది.

అలాంటి మనిషిని పట్టుకుని, డెబ్భై అయిదులో, పటమటలో ఆయన పనిచేసే చిన్న కాలేజీవాళ్ళు క్విజ్ టీముకి ఇన్‌ఛార్జిని చేశారు. మాస్టారు చరిత్ర చెప్పేవారు. క్లాసులో పిల్లలు సందేహాలు అడగడం ఎప్పుడో మానుకున్నారు కాబట్టి సాయంత్రాలు ఖాళీగా ఉంటారని ప్రిన్సిపాల్ గారి ఆలోచన.

గంగారత్నం ఆ టీములో చేరిన తీరు కూడా అలాంటిదే. ఆ పిల్లది కైకలూరు అవతల, కొల్లేటి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. బీఎస్సీ మొదటి సంవత్సరం. హాస్టల్లో ఉండేది, వెనక బెంచీలో కూర్చునేది, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. లైబ్రరీలో తనకి కావలసిన పుస్తకం క్విజ్ వాళ్ళు తీసుకెళ్ళారని తెలిసి స్టాఫ్‌రూముకి వెళ్ళింది.

"మాస్టారూ, మీ క్విజ్ టీములో ఎవరో..."

"చేరాలి. అంతేగా? చేర్చుకున్నాను. పేరు?"

"గంగారత్నమండీ. అది కాదండీ, పుస్తకం..."

"పుస్తకాలన్నీ మనవే. సాయంత్రం నాలుగున్నరకి రా!"

నాలుగున్నరకి వెళ్ళింది, పుస్తకం కోసం. అక్కడ మరో ఇద్దరు ఉన్నారు. ఒకడు హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సులో వచ్చే పుల్లయ్య. లెక్కల్లో దిట్ట, కానీ "ఇవాళ ఏ వారం?" అన్నా కాగితం పెన్సిలూ తీసేవాడు. రెండోవాడు ఇశ్రాయేలు. ఆటలూ సినిమాలూ వాడికి కొట్టినపిండి. ఆ రోజుల్లో మగపిల్లలు ఆడపిల్లల్ని "మీరు" అనేవారు కాబట్టి, ఇశ్రాయేలు లేచి నిలబడి "మీరు కూడా పొరపాటునే చేరారాండీ?" అని మర్యాదగా అడిగాడు.

బల్లమీద ఒక గంట ఉండేది, ఆఫీసర్లు ప్యూన్‌ని పిలవడానికి కొట్టేలాంటిది. పోటీలో ఎవరు ముందు గంట కొడితే వాళ్ళకి జవాబు చెప్పే హక్కు. గంట మోగగానే ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. ఒప్పయితే పది మార్కులు. తప్పయితే అయిదు ఊడతాయి, ప్రశ్న పూర్తిగా చదివి అవతలి టీముకి ఇస్తారు. మాస్టారు వీళ్ళకి నేర్పిన విద్య ఒక్కటే: "ప్రశ్న మొత్తం వింటే చవటైనా చెప్తాడ్రా! సగంలో కొట్టాలి!"

మొదటి పోటీ గుడివాడలో. "కృష్ణానది ఎక్కడ..." అన్నాడు అడిగేవాడు. ఇశ్రాయేలు ఠంగుమని కొట్టి "మహాబలేశ్వరం!" అన్నాడు.

"ప్రశ్న పూర్తిగా వినండి. కృష్ణానది ఎక్కడ సముద్రంలో కలుస్తుంది?"

అవతలివాళ్ళు తాపీగా "హంసలదీవి" అన్నారు. కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పరువు ఆ కృష్ణలోనే కలిసింది. సాయంత్రానికి వీళ్ళ పేరుకెదురుగా మైనస్ ముప్ఫై అయిదు ఉంది.

మర్నాడు ప్రిన్సిపాల్ బసవపున్నయ్య గారు నలుగుర్నీ పిలిపించారు. "గుడివాడకి రాకుండా ఎగ్గొట్టిన కాలేజీ ఒకటుందట. వాళ్ళకి సున్నా వేశారు. అంటే మీరు బస్సెక్కకుండా ఉంటే మనం ఒక మెట్టు పైనుండేవాళ్ళం. బాలశౌరి గారూ, ఈ ఏడాది కప్పు..."

"తెస్తాం సార్!"

"...రాకపోతే, మీ క్విజ్ గదిలో క్యారమ్‌బోర్డు వేయిస్తానంటున్నాను."

"కప్పు తెచ్చాక కూడా వేయించండి సార్, పిల్లలు ఆడుకుంటారు!"

గంగారత్నానికి ఆ ముప్ఫై అయిదూ గొంతులో ముల్లులా పట్టుకుంది. చేపలు పడని రోజున వాళ్ళ నాన్న ఖాళీ వలతో ఇంటికొచ్చేవాడు. అంతేగానీ వల కూడా పోగొట్టుకుని ఏనాడూ రాలేదు. ఆ పిల్ల పొరపాటున చేరిన మాట నిజమే. కానీ పొరపాటున బయటికి పోయే రకం కాదు. గెలిచాకే పోతాననుకుంది.

ఆ రోజునుంచి లైబ్రరీలో రెండేళ్ళ పాత న్యూస్‌పేపర్లూ, పాత పోటీల ప్రశ్నలూ ముందేసుకుంది. చదివింది ఎత్తి రాసుకుంది. ఇశ్రాయేలు బద్ధకిస్తే "మీరు ఎదురుగా కూర్చోండి, నేను చదువుతా, మీరు వినండి" అని కూర్చోబెట్టింది. చదువుతుంటే ఒక సంగతి అర్థమైంది. ప్రతి ప్రశ్నలోనూ ఒక మలుపు మాట ఉంటుంది. అది వచ్చేదాకా ప్రశ్న ఎటైనా పోవచ్చు. వచ్చాక ఇంకెటూ పోలేదు. దానికి ముందు కొడితే మునుగుతాం, తర్వాత కొడితే అవతలివాడు కొట్టేస్తాడు. అచ్చం ఆ మాట మీదే కొట్టాలి.

ఈ సంగతి మాస్టారికి చెప్పడమెలాగ? "మాస్టారూ, మనం ప్రశ్నని..." అంటే "ఇంకా ముందే కొడదాం!" అనేవారు. నాలుగుసార్లు ప్రయత్నించి, ఉత్తరం రాసిచ్చింది. మాస్టారు మొదటి వాక్యం చదివి "అర్థమైంది, అర్థమైంది" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. మొదటి వాక్యంలో ఉన్నది "పూజ్యులైన మాస్టారికి నమస్కారములు" మాత్రమే. రెండోసారి పూజ్యులూ నమస్కారాలూ చివరికి తోసేసి, "మలుపు మాట వచ్చేవరకు గంట కొట్టకూడదు" అని మొదలుపెట్టింది. మాస్టారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ ఉపాయం నాదే కదూ?" అన్నారు. "మీదేనండీ" అంది గంగారత్నం. పని జరగడం ముఖ్యం.

బందరులో మూడో స్థానం వచ్చింది. ఏలూరులో రెండో స్థానం. రైళ్ళు కూడా టైముకొస్తున్న రోజులవి, వీళ్ళ గంట కూడా టైముకి మోగడం మొదలైంది. పటమట టీముది పిడుగులాంటి గంట అని చుట్టుపక్కల కాలేజీల్లో పేరు పడింది. ఇక మిగిలింది విజయవాడలో ఆఖరి పోటీ.

సరిగ్గా దానికి పదిరోజుల ముందు వాళ్ళ నాన్న కాశీరావు వచ్చాడు. స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడ్డ ఆయన ముఖం చూడగానే గంగారత్నానికి సంగతి అర్థమైంది. ఏలూరు బస్సులో ఇద్దరు మగపిల్లల పక్కన కూర్చుని పకపకా నవ్వుతోందని ఊళ్ళోవాళ్ళెవరో మోసేశారు. పిల్లని తీసుకుపోవడానికే వచ్చాడు. లోపల ఆరుగురు లెక్చరర్లు కాఫీ తాగుతున్నారు. ఆ పిల్ల గుమ్మం పక్కనే నిలబడిపోయింది.

"అయ్యా, మేష్టారండీ, మా అమ్మాయిని..."

"బాగా చూసుకుంటున్నామని దణ్ణం పెట్టడానికొచ్చారు! అవన్నీ ఎందుకండీ, కూర్చోండి."

"అది కాదండయ్యా. ఊళ్ళో..."

"గర్వపడుతున్నారు! పడరూ మరి? ఊరి మొత్తానికి ఒక్క పిల్ల!"

"నలుగురూ ఏమంటన్నారంటే..."

"పోటీ చూడ్డానికి వస్తామంటున్నారు! ఆ నలుగుర్నీ తీసుకురండి కాశీరావు గారూ. ముందు వరసలో అయిదు కుర్చీలు నావి!"

కాశీరావు అటు చూశాడు, ఇటు చూశాడు. తుఫానులో కూడా పడవ నడిపిన మనిషి, ఈ గాలికి తెడ్డు ఎటు వేయాలో తెలియలేదు. "అసలు నేనొచ్చింది ఎందుకంటేనండీ..." అన్నాడు ఆఖరి ప్రయత్నంగా.

"భోజనానికి! మార్త ఎదురుచూస్తోంది, పదండి!"

భుజం మీద చెయ్యేసి తీసుకుపోయారు. మూడుగంటల బస్సుకి కాశీరావు ఊరెళ్ళిపోయాడు, చేతిలో మార్తమ్మ గారు కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసాతో. వచ్చిన పని మాత్రం ఆయన లోపలే ఉండిపోయింది. గండం గడిచిందో, వాయిదా పడిందో గంగారత్నానికి తెలియలేదు. "పిలిచేదాకా మనం ఇక్కడే ఉన్నట్టు" అనుకుని మళ్ళీ పేపర్లు తెరిచింది.

పోటీరోజున హాలు నిండిపోయింది. ముందు వరసలో తెల్లపంచెలతో అయిదుగురు బిగుసుకుని కూర్చున్నారు. మధ్యలో కాశీరావు. పక్కన మాస్టారు, ఆయన పక్కన మార్తమ్మ గారు. ఆవిడ కొంగు ఒక చేత్తో సిద్ధంగా పట్టుకుంది, ఈయన కుర్చీలోంచి జవాబు అరిస్తే నోరు మూయడానికి.

ఎదురు గుంటూరు టీము. మెళ్ళో టైలు, మాటలో ధీమా. మూడు ప్రశ్నలు మిగిలేసరికి వాళ్ళవి తొంభై, వీళ్ళవి అరవై అయిదు.

గంగారత్నం గుంటూరువాళ్ళ చేతులకేసి చూసింది. ఇశ్రాయేలు చెయ్యి కదిలినప్పుడల్లా వాళ్ళ కెప్టెన్ ఉలిక్కిపడుతున్నాడు. పిడుగు గంట పేరు గుంటూరు దాకా పాకిందన్నమాట.

"ఇశ్రాయేలు గారూ, ప్రశ్న మొదలవగానే చెయ్యి ఎత్తి గంట మీదకి తీసుకెళ్ళండి. కొట్టకండి."

"కొట్టకుండా ఎత్తడమెందుకండీ?"

"చెప్పింది చెయ్యండి."

"చంద్రుడి మీద కాలుపెట్టిన మొదటి..." ఇశ్రాయేలు చెయ్యి లేచింది. గుంటూరు కెప్టెన్ కంగారుపడి గంట కొట్టేశాడు. "ఆర్మ్‌స్ట్రాంగ్!"

"మొదటి మనిషి వెనకాలే దిగిన రెండో మనిషి ఎవరు?"

"ఆల్డ్రిన్" అంది గంగారత్నం. ఎనభై అయిదు, డెబ్భై అయిదు.

"ఎవరెస్టు శిఖరం ఎక్కిన మొదటి..." మళ్ళీ చెయ్యి లేచింది. మళ్ళీ గుంటూరు గంట. "టెన్సింగ్, హిల్లరీ!"

"మొదటి మహిళ ఏ దేశస్థురాలు?"

ఆ పేపరు గంగారత్నానికి కంఠతా వచ్చు. "జపాన్." ఎనభై, ఎనభై అయిదు. ముందు వరసలో మార్తమ్మ గారి కొంగు మాస్టారి నోట్లో సగం దాకా ఉంది.

మూడో ప్రశ్నకి గుంటూరు కెప్టెన్ రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. ఇశ్రాయేలు ఎంత ఊపినా కదల్లేదు. "వెయ్యిలోపు అన్నిటికన్నా పెద్ద ప్రధానసంఖ్య ఏది?" ప్రశ్న పూర్తయింది. ఎవరూ గంట కొట్టలేదు. పుల్లయ్య పెన్సిలు తీశాడు. భాగించాడు, కొట్టేశాడు, మళ్ళీ భాగించాడు. ఏడాది మొత్తంమీద మొదటిసారి, ఒక్కసారి, గంట కొట్టాడు.

"తొమ్మిదివందల తొంభై ఏడండీ."

హాలు దద్దరిల్లింది. కొంగు లాక్కుని మాస్టారు పెట్టిన కేక కృష్ణ అవతలికి వినిపించి ఉంటుంది.

ఆ సాయంత్రం బస్‌స్టాండులో, నలుగురు ఊరివాళ్ళూ బస్సులో సీట్లకి తువ్వాళ్ళు వేస్తుంటే, కాశీరావు కూతుర్ని పక్కకి పిలిచాడు.

"మీ మేష్టారికి చెవుడేమో అనుకున్నానే అమ్మా. ఆ తరవాత ఆదివారం మనూరొచ్చాడు."

"మనూరా? ఎందుకు?"

"పడవెక్కి వచ్చాడు. నేను వల బాగుచేసుకుంటంటే పక్కన కూలబడి, 'ఇప్పుడు చెప్పండి కాశీరావు గారూ' అన్నాడు. చెప్పాను. మూడుగంటలు చెప్పాను."

"ఆయన... విన్నారా?"

"ఒక్క మాట అడ్డం రాలేదు. చెప్పగా చెప్పగా నాకే తెలిసొచ్చిందమ్మా, అందులో నా మాట ఒక్కటీ లేదు, అన్నీ ఊరోళ్ళవే. మరి ఆయాల నన్నెందుకు చెప్పనియ్యలేదండీ అని అడిగాను."

"ఏమన్నారు?"

"'గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది కదా. తండ్రి నోటమ్మట వచ్చిన మాట కూతురు మర్చిపోదు. రేపు మీకే బాధేస్తుంది, అప్పుడు వెనక్కి తీసుకోలేరు. అందుకని బయటికే రానివ్వలేదు' అన్నాడు." కాశీరావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "చదువుకో. ఎక్కడికెళ్ళాలంటే అక్కడికెళ్ళు. మీ అమ్మ పులుసు పెట్టింది ఆయనకి, కన్నీళ్ళు పెట్టుకుని తిన్నాడు."

సోమవారం గంగారత్నం స్టాఫ్‌రూముకి వెళ్ళింది. చెప్పాల్సింది రాత్రే వరస పెట్టుకుంది. మాస్టారు పేపర్లు దిద్దుతున్నారు.

"మాస్టారూ, మీరు మా ఊరెళ్ళి..."

"మీ అమ్మగారి పులుసులో కారం ఎక్కువైందని చెప్పొచ్చాను. అందుకు కోపమొచ్చింది. అంతేగా?"

తలెత్తలేదు. ఎర్రసిరా కలం మాత్రం ఒకే మార్కు మీద రెండుసార్లు దిద్దుతోంది. గంగారత్నం వరస పెట్టుకున్న మాటలన్నీ లోపలే ఉంచుకుంది. నవ్వొచ్చింది.

"అంతేనండీ. ఈసారి తగ్గించమంటాను."